గోడకి చేతులు

ముప్పై ఏళ్లు నరసన్నపేటలో మైకుసెట్టు కట్టాను.
పెళ్లికీ, పంచాయితీ ఎన్నికలకీ, ముఖలింగం జాతరకీ
వెదురు గెడ మీద హారన్ ఎటు తిప్పితే
ఏ వీధి మలుపులో మాట పగిలిపోద్దో
కళ్లు మూసుకుని చెప్పగలను.
ఎడం చెవి ఆ పనికే ఇచ్చేశాను.
మిగిలింది కుడిది.

మా మేనల్లుడు గౌరీసు తెచ్చి గూట్లో పెట్టిన డబ్బా
కొబ్బరి చిప్పంత ఉంటుంది.
పేరు పెట్టి పిలిస్తే నీలంగా కన్ను తెరుస్తుంది.
కీళ్ల జబ్బుతో వేళ్లు ముడుచుకుపోయిన దాలమ్మకి
అదే చెయ్యి.
"ఫేనెయ్యే", "మోటారు కట్టీయే",
"తలుపు తియ్యే, పాలోడొచ్చినాడు".
తీసేది.
ఇన్నేళ్ల కాపరంలో నేను
ఒక్కమాటకి లేచిన రోజు లేదని
దాన్ని చూపించి దెప్పేది.

ఆషాఢం. మధ్యాహ్నం. దాలమ్మ కునుకులో ఉంది.
నేను కాలిపోయిన యాంప్లిఫయరు విప్పి టంకం పెడుతున్నా.
పక్కన ఫోనులో ఎవరో పనసకాయ కొయ్యడం చెబుతున్నాడు:
చేతికి నూనె రాసుకోండి, కత్తికీ రాయండి...
గుమ్మం కాడ మా కుక్క బూచి
తల ఎత్తింది.
ఒక్క చెవి నిక్కించి గూటి వేపు చూసింది.
గూట్లో నీలం కన్ను.
టక్కున గడియ ఊడింది.

తలుపు తనంత తానే జరిగి
నట్టింట్లోకి ఎండ చాపలా పరుచుకుంది.
బయట ఎవరూ లేరు.
ఉంటే ఇంత భయం వేసేది కాదు.

సాయంత్రం గౌరీసు వచ్చి ఫోనులో లెక్క తీశాడు.
రెండూ పదమూడుకి ‘తలుపు తియ్యి’ అని ఉంది.
ఎవరన్నట్టు?
"వీడియోలో దాచుంటారు మామా,
మన చెవికి అందనంత సన్నం గొంతు.
బూచికి అందుద్ది, దీనికి అందుద్ది.
ఏ ఇంట్లో ఏది తెరుచుకుంటాదో అని
ఊరికే వదిలి చూస్తారు, గేలం లాగ."

గేలం. సరే.
చప్పుడన్నది నా సొత్తనుకున్నవాణ్ణి.
నా కుడి చెవి పక్క నుంచే
నాకు చెప్పకుండా ఓ మాట నడిచి వెళ్లిపోయింది.

ఒప్పుకోవాలి గదా, ఒకసారి నేనూ చేశాను.
సర్పంచి ఎన్నికల్లో మూడొందలు తీసుకుని
అవతలోళ్ల మీటింగులో మైకు హారన్ కెదురుగా తిప్పి వచ్చాను.
మైకు ఈల వేసింది. ఊరంతా చెవులు మూసుకుంది,
నా ఏడు తరాల్నీ తిట్టింది.
విన్నారు కాబట్టి తిట్టారు.
ఇప్పుడు నేనెవర్ని తిట్టను, పనసకాయనా?

గోడకి చెవులుంటాయని మా అమ్మ చెప్పింది.
చేతులు కూడా మొలుస్తాయని చెప్పలేదు.
రాత్రి తలుపు కొడితే ‘ఎవరదీ?’ అనడం
మా వీధిలో మాటలొచ్చీరాని గుంటకి కూడా తెలుసు.
ఇన్ని భాషలొచ్చిన డబ్బాకి
ఆ ఒక్క మాటే ఎవరూ నేర్పలేదు.

పీకేద్దాం అన్నాను.
"నా చేతులు పీకెస్తావేటి?" అంది దాలమ్మ.
అటు తిరిగి పడుకుంది.

మర్నాడు అటక మీంచి పాత గొళ్లెం దింపి
తుప్పు గీకి, నూనె పోసి, తలుపుకి బిగించాను.
బ్యాంకు సంగతి డబ్బాకి తెలీకుండా చేశాడు గౌరీసు.
ఫ్యానూ మోటారూ దాని కిందే ఉంచాం.
పాలోడొస్తే ఇప్పుడు నేనే లేస్తున్నాను.
"ఒక్కమాటకే!" అంటుంది దాలమ్మ,
వెక్కిరింతో మెచ్చుకోలో.

బూచి పడక గూటి కిందకి మార్చాను.
అప్పుడప్పుడు రాత్రి దాని చెవి లేస్తుంది.
దాంతోపాటు నేనూ లేస్తాను.
గొళ్లెం తడిమి చూస్తాను,
కుడి చెవికి చెయ్యి అడ్డం పెట్టి
హైవే మీది లారీలు దాటేదాకా ఆగి, మళ్లీ వింటాను.
ఏమీ లేదు.
పిల్లి కావచ్చు.